ముహూర్తం తెల్లారుజాము 4:40కి, ఫోటోలు ట్రెడిషనలా క్యాండిడా? ఇంట్లో తెగడం లేదు

తిరుచానూరు_పిల్ల
ఫిబ్రవరిలో నా పెళ్లి, మాఘమాసం, ముహూర్తం తెల్లారుజాము 4:40కి. మండపం తిరుపతిలోనే. ముందురోజు సాయంత్రం రిసెప్షన్, మన పక్క మామూలేగా. ఫోటోల కాడ ఇంట్లో రెండు పార్టీలు అయిపోయినాయి. నాన్నేమో వచ్చినోళ్లందరూ స్టేజి మీద నిలబడి ఫోటో దిగాల్సిందే, ఆల్బమ్‌లో అందరూ కనపడాల్సిందే అంటాడు. బెంగళూరులో ఉండే మా పిన్ని కూతురు మొత్తం క్యాండిడే పెట్టించుకో, పోజులు కొట్టే కాలం పోయింది అంటాది. పెళ్లికొడుకుకేమో తలకోనలో ప్రీ వెడ్డింగ్ షూట్ కావాలంట. ముగ్గురు ఫోటోగ్రాఫర్లని అడిగితే మూడు ప్యాకేజీలు చెప్పినారు, ఒకరు ట్రెడిషనల్ ఫోటో వీడియో, ఒకరు క్యాండిడ్ సినిమాటిక్, ఇంకొకరు అన్నీ కలిపి డ్రోన్, ఎల్ఈడీ వాల్‌తో సహా. ఇన్‌స్టాలో చూస్తే అందరివీ బాగానే ఉండాయి, దాన్ని బట్టి ఏం తేల్చుకోవాలో అర్థం కావడం లేదు. ఆ రోజు మేమెట్లా ఉన్నామో అట్లా కనపడాల, మా అవ్వ కూడా చూసి సంతోషపడాల, నాకు అంతే కావాల్సింది. మీ ఇండ్లల్లో ఏం చేసినారో చెప్పండి.

పుత్తూరు_శీను
క్యాండిడ్ దండగ. మా అన్న పెళ్లికి పెట్టించినాం. సగం ఫోటోల్లో అన్న కిందికి చూస్తా ఉంటాడు, సగం ఫోటోల్లో వదిన ఎటో చూసి నవ్వతా ఉంటాది. ఇద్దరూ నేరుగా చూసే ఫోటో ఒకటి ఫ్రేము కట్టించుకుందామంటే వెతికి వెతికి కండ్లు కాయలు కాసినాయి.

పలమనేరు_పోరి
శీనూ, మరి స్టేజి ఫోటోల సంగతో? మా రిసెప్షన్‌లో నిలబడి నిలబడి కాళ్లు పీక్కుపోయినాయి, లైను కదలదు, వచ్చినోళ్లు ముందు బువ్వకి పోవాల్నా ఫోటోకి నిలబడాల్నా తెలీక తిప్పలు పడినారు. ఆల్బమ్ తీస్తే ప్రతి పేజీలోనూ మేమిద్దరం ఒకే నవ్వు, పక్కన మనుషులు మారతా ఉంటారు అంతే. మా నాయన ఏడ్చింది నాకు గుర్తుంది, ఆల్బమ్‌లో యాడా లేదు. తీసే మనిషి ఆ టైములో ఇంకో కుటుంబాన్ని వరసగా నిలబెడతా ఉన్నాడు.

పూతలపట్టు_పద్మ
నా కూతురి పెళ్లికి అంతా క్యాండిడే. ఫోటోలు చూస్తే కండ్లు తిప్పుకోలేం, అంత బాగుండాయి, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ పిల్లని బుట్టలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చింది మా తమ్ముడు, మేనమామ, వాడితో పిల్లకి ఒక్క సరైన ఫోటో లేదు, వాడి వీపు కనపడే ఫోటో మాత్రం ఒకటుంది. మా ఆడబిడ్డ కుటుంబమైతే ఆల్బమ్‌లోనే లేరు. ఆమె మా ఇంటికొచ్చి మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పి, గమ్మున మూసి టేబుల్ మీద పెట్టింది, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండు అనిపించింది నాకు.
మీ నాన్న చెప్పేదాంట్లో అర్థం ఉందమ్మా. నువ్వు ఇంకో ముప్పై ఏండ్ల తర్వాత ఆ ఆల్బమ్ తీస్తే వెతికేది లైటింగ్ ఎట్లుందని కాదు, మనుషుల్ని. అప్పటికి వాళ్లల్లో ఎందరుంటారో.

పలమనేరు_పోరి
పద్మక్కా, మనుషులు ఉండాలి, నేనూ అదే అంటున్నా. వాళ్లు నవ్వతా, ఏడుస్తా, పోట్లాడతా ఉండే మనుషులుగా ఉండాల, గోడకి ఆనించినట్టు కాదు.

కెమెరా_బాబాయ్
చానా ఏండ్లుగా పెళ్లిళ్లు తీస్తా ఉండాను, చిత్తూరు, పలమనేరు, తిరుపతి పక్కనంతా. స్టైలు పేరు చూసి ఎంచుకోవద్దమ్మా, నీ పెళ్లి ఏ గంటకి ఎట్లా నడస్తాదో చూసి ఎంచుకో.
రీలు కాలంలో ఒక రోలుకి 36 ఫోటోలే. బటన్ నొక్కితే డబ్బులే. ఫ్లాష్ మళ్లీ చార్జ్ అయ్యేదాకా ఆగాల. అందుకే అందర్నీ నిలబెట్టి ఇటు చూడండి అని తీసేవాళ్లం, పోజు ఫోటో మనకి అట్లా అలవాటైపోయింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దు. ఇప్పుడు కార్డులో వేల ఫోటోలు పడతాయి కాబట్టి కాచుకోని కూర్చోని జరిగేది జరిగినట్టు తీసే వీలొచ్చింది. రెండూ వేరు వేరు పనులు. పోజు తీసేవాడు జనాన్ని పిలవాల, సర్దాల, గట్టిగా అరవాల. క్యాండిడ్ తీసేవాడు ఉన్నట్టే తెలియకూడదు. ఒక్కడినే పెట్టి రెండూ చెయ్యి అంటే జీలకర్ర బెల్లం టైములో వాడు నీ కండ్లు చూడాల్నా, తలమీద చేతులు చూడాల్నా?
ఇంక నీ ముహూర్తం. 4:40కి బయట చీకటి. మండపంలో ఉండే వెలుతురంతా డెకరేషన్ వాళ్లు పెట్టిందే. వాళ్లు ఊదా రంగు, నీలం రంగు ఎల్ఈడీలు వేస్తే పసుపు రాసిన మొఖం బూడిద కొట్టినట్టు పడతాది, ఎడిటింగ్‌లో ఎంత తన్నుకున్నా బాగుపడదు. తెర పట్టే టైముకి రంగు లైట్లు ఆపి, ఒకే రకం తెల్ల లైట్లు వెయ్యమని వాళ్లకి ఇప్పుడే చెప్పు. చవక ఎల్ఈడీలు కంటికి తెలియకుండా మినుకుమంటా ఉంటాయి, షట్టర్ స్పీడు పెంచితే ఫోటోలో అడ్డంగా చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి షట్టర్ స్పీడు 1/50 సెకనులోనో 1/100 సెకనులోనో పెట్టి తీస్తే చారలు చానావరకు పోతాయి, కానీ ఆ స్పీడులో తలంబ్రాలు గాల్లో గీతలైపోతాయి. గింజ గింజ కనపడాలంటే ఫ్లాష్ కావాల్సిందే. క్యాండిడ్ అంటే ఫ్లాష్ వాడం అని చెప్పేవాడు తెల్లారుజాము పెళ్లి తీసినోడు కాదు. మొఖం మీదికి నేరుగా కొట్టకుండా పైకప్పుకి కొట్టి దింపేవాడు పనోడు. అయితే పైన ఎర్ర గుడ్డ కట్టినారనుకో, ఆ ఎరుపంతా మీ మొఖాల మీదికే దిగతాది. పైన తెల్ల గుడ్డ కట్టమను.
అడగాల్సింది ఏమంటే, ఇన్‌స్టాలో ఉండే పది ఫోటోలు వద్దు, తెల్లారుజాము పెళ్లి ఒకటి మొదటి నుంచి చివరి దాకా మొత్తం చూపించు అని అడుగు. కెమెరాలో రెండు కార్డులు వేసి రెండింట్లోనూ ఒకేసారి సేవ్ చేస్తాడా అడుగు. మాట్లాడినోడే వస్తాడా లేక వేరే పిల్లోళ్లని పంపిస్తాడా, అది రాయించుకో. మాఘమాసంలో ఒకే ముహూర్తానికి మూడు నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

పుత్తూరు_శీను
బాబాయ్, పైన గుడ్డ రంగు సంగతి ఇప్పుడే తెలిసింది. మా అన్న పెళ్లిలో అందరం టమాటాల్లాగా ఎందుకున్నామో ఇన్నాళ్లకి అర్థమైంది 😀

మదనపల్లె_మార్కెట్
టమాటాల మీద చెయ్యి వెయ్యొద్దు శీనన్నా, మాకు కోపమొస్తాది 😀

పౌరోహిత్యం_తిరుపతి
నా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. సుముహూర్తం అనేది జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి. అది కెమెరా కోసం ఆగదు. తాళి కట్టేటప్పుడు స్వామీ ఒక్క నిమిషం ఆపండి అంటారు, కట్టాక ఇంకోసారి ముడి వేసినట్టు చేయించండి, మాకు సరిగా పడలేదు అంటారు. మూడు ముళ్లు ఒకసారే. నేను చేయించను.
ఇంకొకటి మనసుకి కష్టంగా ఉంటుంది. కన్యాదానం చేసిన తండ్రి అక్కడే నిలబడి ఉంటాడు, ఆయనకి అడ్డంగా నలుగురు కెమెరాల వాళ్లు. సొంత కూతురి మెడలో తాళి పడటం ఆయన తర్వాత వీడియోలో చూసుకోవాలా?
నేను ఒప్పుకున్న పెళ్లికి ముందురోజు సాయంత్రమే ఫోటోగ్రాఫర్లని పిలిచి కూర్చోబెడతాను. తెర ఎప్పుడు తీస్తాను, నేను ఏ పక్క ఉంటాను, హోమం పొగ ఎటు పోతుంది, ఎక్కడ నిలబడితే తల్లిదండ్రులకి అడ్డం కారు, అన్నీ చెప్తాను. అలా మాట్లాడుకున్న చోట వాళ్ల ఫోటోలూ బాగా వస్తాయి, నా మంత్రమూ సాగుతుంది. మీరు ఏ స్టైలు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, పీటల దగ్గర మాత్రం ఇద్దరికంటే ఎక్కువ మంది వద్దు.

తిరుచానూరు_పిల్ల
స్వామీ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించినా. ఆయన ఏం మాట్లాడలేదు, కాసేపయినాక వచ్చి ఆ ఇద్దరు అన్నాడే ఆ మాట ఫోటోగ్రాఫర్‌కి గట్టిగా చెప్పు అన్నాడు.

కెమెరా_బాబాయ్
అయ్యవారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పీటల కాడ ఒకడు 35 ఎంఎం లెన్సుతో, దూరంగా ఇంకొకడు 70-200 జూమ్ లెన్సుతో ఉంటే చాలు. దూరంలో ఉండేవాడికి అమ్మానాన్నల మొఖాలు తీసే పని అప్పజెప్పు. తాళి కట్టేటప్పుడు అందరూ తాళినే తీస్తారు, అదే క్షణంలో అమ్మ మొఖం తీసేవాడు ఉండడు.

కొండమీద_పెళ్లి
మాది తిరుమల కల్యాణ వేదికలో. 2016 నుంచి టీటీడీ అక్కడ ఉచితంగా పెళ్లిళ్లు చేయిస్తా ఉంది, పురోహితుడు, మంగళవాయిద్యాలు వాళ్లవే. ఒకదాని తర్వాత ఒకటి పెళ్లిళ్లు జరగతా ఉంటాయి కాబట్టి నిలబెట్టి పోజులు తీసేంత తీరిక ఉండదు, జరిగింది జరిగినట్టు తీసుకోవడమే. డ్రోన్ అనే మాటే ఎత్తొద్దు, కొండమీద నిషేధం, అలిపిరి చెకింగ్‌లోనే ఆపేస్తారు. గుడి లోపలికి కెమెరా, ఫోను ఏదీ పోదు, గుడి ముందర షూటింగులు, రీల్స్ చేసినా ఊరుకోరు. అందుకని ఒక్క ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకున్నాం, అంతే. కొత్త బట్టల్లో, బాసికంతో దర్శనానికి పోయినాం, ఆ కాసేపటికి ఫోటో లేదు. మా ఆయనా నేనూ ఇప్పటికీ దాని గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం.
తిరుపతిలో పెళ్లి చేసుకొని తర్వాత కొండకి పోయేవాళ్లు ఫోటోగ్రాఫర్‌ని పైకి తీసకపోవాల్సిన పని లేదు, ఆ డబ్బులు మిగిలినట్టే.

రేణిగుంట_రాజా
డ్రోన్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. కింద కూడా ఇష్టమొచ్చినట్టు ఎగరేయడానికి లేదు, మనకి రేణిగుంటలో ఎయిర్‌పోర్టు ఉంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల పర్మిషన్ లేకుండా కుదరదు, 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో అయితే 200 అడుగుల దాకానే. మండపం యాడ పడతాదో డిజిటల్ స్కైలో, అదే డ్రోన్లకి ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ మ్యాపులో, చూడమని ఫోటోగ్రాఫర్‌ని అడుగు. అయినా చీకట్లో జరిగే పెళ్లికి డ్రోన్ ఏం తీస్తాది, మండపం రేకులా?
రెండోది. మా ఫోటోలు అడక్కుండానే స్టూడియో వాళ్లు వాళ్ల పేజీలో పెట్టేసినారు, నా చెల్లెలు అప్పగింతలప్పుడు ఏడ్చే వీడియోకి ఏదో పాట వేసి. అడిగితే ఫోటోలు మావి అన్నారు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చూడండి, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నోళ్లే. ఆ వేరే ఒప్పందాన్నే చిన్న అక్షరాల్లో రాసి సంతకం పెట్టించుకుంటారు. అందుకే చదవకుండా సంతకం పెట్టొద్దు. ఏవి పెట్టొచ్చు, ఏవి పెట్టకూడదు, అడ్వాన్స్ ఇచ్చేముందే రాయించండి.

కాళహస్తి_కలం
ఎడిటింగ్ స్టైలు గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చానామంది అన్ని ఫోటోలకీ ఒకే రంగు ఫిల్టర్ తోసేస్తున్నారు, పచ్చదనం చచ్చిపోయి, ఎరుపు ఇటుక రంగై, పసుపు గోధుమ రంగై. మా ఇంట్లో కలంకారీ పని. కరక్కాయ నీళ్లల్లో గుడ్డ నానబెట్టి, పాలు పట్టించి, తుప్పు ఇనుము బెల్లం ఊరబెట్టిన నలుపుతో గీత గీసి, ఒక్కో రంగుకి ఒక్కోసారి ఉతికి ఆరేసి చేసిన చీర అది. మా దగ్గర తీసుకున్న ఒకమ్మాయి రిసెప్షన్ ఫోటోలు పంపించింది, చీర నాదే అని నేనే గుర్తుపట్టలేకపోయినా. మధుపర్కాల తెలుపు తెలుపుగా, అంచు పసుపు పసుపుగా ఉండాల. సాంపిల్‌లో ఫోటో పక్కన అసలు చీర పెట్టి చూడండి.

తిరుచానూరు_పిల్ల
నా రిసెప్షన్ చీర కలంకారీనే అన్నా! ఇది కచ్చితంగా అడుగుతా. దీనితోబాటు ఇంకొకటి కూడా అడగాలనుకుంటున్నా. మా అక్కకి మొఖం తెల్లగా చేసి ఇచ్చినారు, చేతులు చామనఛాయ, మొఖం పిండి పూసినట్టు. నా రంగు నాకు ఉండనీండి అని చెప్తే వింటారా?

కెమెరా_బాబాయ్
వింటారు, ముందే చెప్తే. మొటిమ, చెమట తీసేస్తే చాలు, రంగు ముట్టుకోవద్దు అని చెప్పు. తెల్లగా చేస్తేనే కస్టమర్‌కి ఇష్టమని మావాళ్లకి ఒక అలవాటు పడిపోయింది, వద్దని చెప్పేవాళ్లు తక్కువ.

పలమనేరు_పోరి
ప్రీ వెడ్డింగ్ సంగతి ఎవరూ తేల్చలేదు. నన్నడిగితే మానుకో. తలకోనలో నీళ్లు అక్టోబరు నుంచి డిసెంబరు వానలకి బాగా దూకతాయి, జనవరి ఆఖరికి పోతే సన్నబడిపోయుంటాయి. అడవి శాఖ ఏరియా, బట్టలు మార్చుకునే చోటు కూడా కష్టం. చంద్రగిరి కోట అందామంటే అది పురావస్తు శాఖది, లైట్లు, ట్రైపాడ్ పెట్టి షూట్ చెయ్యాలంటే ముందుగానే పర్మిషన్ తీసుకోవాల. ఆ డబ్బులతో పసుపు దంచే రోజు, నలుగు రోజు ఒక మనిషిని ఇంటికి పిలిపించుకో. ఇంట్లో ఆడోళ్లంతా రోకలి పట్టుకొని పాడతా ఉంటే, అంతకన్నా ఏం కావాల?

మదనపల్లె_మార్కెట్
దీనికి నేను ఒప్పుకోను. మా ఆయన కెమెరా చూస్తే బిగుసుకుపోయే మనిషి. ముందుగా ఒక పూట అదే ఫోటోగ్రాఫర్‌తో బయటికి పోయినాం, ఎక్కడికో కాదు, మా మామిడి తోటకే. ఆ పూట వాళ్లిద్దరికీ చనువు కుదిరింది, పెళ్లిరోజు ఆయన కెమెరాని పట్టించుకోనేలేదు. తలకోన అక్కర్లేదు, పెళ్లికొడుకు అడగతా ఉంటే పూర్తిగా వద్దనొద్దు పాపం.

చిత్తూరు_లాయరక్క
పోజు ఫోటో ఒకటైనా ఎందుకు కావాలో నేను చెప్తా. పెళ్లి రిజిస్ట్రేషన్‌కి పోతే శుభలేఖతో పాటు పెళ్లి ఫోటో అడుగుతారు, వీసాకీ అడుగుతారు. ఇద్దరి మొఖాలూ స్పష్టంగా, పెళ్లి బట్టల్లో, పక్కన పెద్దోళ్లతో ఉండాలి. పూల వెనక నుంచి సగం మొఖం కనపడే ఫోటో ఇస్తే కౌంటర్ కాడ ఇంకోటి తీసుకురమ్మంటారు.

పుత్తూరు_శీను
చూసినారా, నేను మొదట్లోనే చెప్తే ఎవరూ వినలేదు.

చుక్కలు_చూద్దాం
4:40 ముహూర్తం అన్నావు, ఫిబ్రవరి అన్నావు, నాకు కూర్చోబుద్ధి కాలేదు. అరుంధతీ దర్శనం అని అందరూ పట్టపగలు మండపం బయటికి తీసకపోయి ఖాళీ ఆకాశం చూపిస్తారు. నీకు నిజంగా చుక్క కనపడే ముహూర్తం పడింది! ఫిబ్రవరిలో ఆ టైముకి సప్తర్షులు ఉత్తరాన, కొంచెం పడమటికి వాలి, బాగా ఎత్తులో ఉంటారు. తిరుపతిలో ఉత్తరం అంటే కొండే కదా, అంటే ఏడుకొండల మీదుగా చూసేది. తోక చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు, ఆ పక్కనే ఆనుకొని ఉండే చిన్న చుక్క అరుంధతి. టౌన్ లైట్లల్లో వశిష్ఠుడు బాగా తెలుస్తాడు, అరుంధతికి మంచి చూపు కావాల, మబ్బు ఉండకూడదు. తూర్పు తెల్లబడక ముందే, ఐదున్నర లోపల బయటికి రావాల. ఆ తర్వాత వచ్చే ప్రతి నిమిషానికీ చుక్క మసకబారతాది.

కెమెరా_బాబాయ్
అబ్బో, ఇది నేను తీయాల్సిన ఫోటో. ఫోటోగ్రాఫర్‌కి చెప్పమ్మా, ట్రైపాడ్, వెడల్పు లెన్సు, ఎఫ్ 1.8, ఐఎస్ఓ 3200, రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లు మీరిద్దరూ కదలకుండా పైకి చూడాల. మొఖాలకి చిన్న లైటు, బాగా తగ్గించి. మండపం ముందర ఉండే సీరియల్ సెట్ ఆ కాసేపు ఆపించు, లేకపోతే ఆకాశమంతా వెలిసిపోతాది.

పౌరోహిత్యం_తిరుపతి
ముందే చెప్తే క్రమంలో ఆ సమయానికి వచ్చేటట్టు నేనైతే చూసుకుంటాను. మీ పురోహితుల్ని ఈ వారమే అడగండి. సంతోషంగా ఒప్పుకుంటారు.

పూతలపట్టు_పద్మ
చదవతా ఉంటేనే ఒళ్లు పులకరిస్తా ఉంది. నాకు మళ్లీ కూతురి పెళ్లి చెయ్యాలనిపిస్తా ఉంది.

తిరుచానూరు_పిల్ల
రాత్రి ఇంట్లో అందరం కూర్చోని మాట్లాడుకున్నాం. రిసెప్షన్ మొత్తం ట్రెడిషనల్, నాన్న ఇష్టప్రకారం, స్టేజి, లైను, అందరి ఫోటో. పిలవడానికి మా బావని పెట్టినాం, వాడికి అందరూ తెలుసు, గొంతు కూడా పెద్దది. తెల్లారుజాము పోజులే లేవు, ఇద్దరే మనుషులు, ఒకరు దగ్గర, ఒకరు దూరం. రిజిస్ట్రేషన్ ఫోటో మాత్రం తలంబ్రాలు అయినాక రెండు నిమిషాలు. డ్రోన్ లేదు. ఎల్ఈడీ వాల్ వద్దనుకున్నాం గానీ అవ్వ మోకాళ్ల నొప్పులతో లేచి ముందుకి రాలేదు, కాబట్టి ఆమె కూర్చునే పక్క ఒక చిన్న స్క్రీన్. ప్రీ వెడ్డింగ్ తిరుచానూరులో మా ఇంటి మిద్దె మీద ఒక సాయంత్రం, ఆయన ఒప్పుకున్నాడు. అరుంధతి సంగతి చెప్తే ఫోటోగ్రాఫరే నాకు రెండుసార్లు ఫోన్ చేసినాడు, ముందు రోజుల్లో వచ్చి మండపం బయట ఉత్తరం ఎటో చూసుకుంటాడంట.

కొండమీద_పెళ్లి
వాళ్లకి బువ్వ మర్చిపోవద్దు. ముందురోజు సాయంత్రం నుంచి పొద్దున దాకా నిలబడే ఉంటారు, ఆఖరి పంక్తికి పోతే సాంబారు కూడా ఉండదు. నాలుగింటికి కాఫీ, ఆరింటికి టిఫిన్, ఎవరికైనా అప్పజెప్పు.

కెమెరా_బాబాయ్
ఈ మాట చెప్పినందుకు నీ కడుపు చల్లగుండ తల్లీ. ఇంకొకటి, ఫోటోలు చేతికొచ్చిన నెలలోపే ఆల్బమ్‌కి ఏరి ఇచ్చేయండి. ఏరకుండా ఏండ్లు గడిపేసినోళ్లు మా స్టూడియో లిస్టులో ఇప్పటికీ ఉండారు. హార్డ్ డిస్కు రెండు కాపీలు, ఒకటి మీ ఇంట్లో, ఒకటి అత్తగారింట్లో.

పూతలపట్టు_పద్మ
నీ బావ చేతిలో పెట్టే లిస్టులో పెళ్లికొడుకు వైపు వాళ్లు ఉండారా? మీ నాన్న ఒక్కడే రాస్తే సగమే ఉంటాది. వియ్యపురాలికి ఫోన్ చేసి వాళ్ల మేనత్తలు, పెద్దమ్మలు, అందరి పేర్లూ అడిగి రాసుకోమని మీ అమ్మకి చెప్పు.

తిరుచానూరు_పిల్ల
లేవు పద్మక్కా, మావాళ్లవే ఉండాయి. అమ్మ ఇప్పుడే ఫోన్ చేస్తా ఉంది.